క్రొత్త బాట

1960వ సంవత్సరమున రెండు దేశములలో ఇరువురు శిశువులు జన్మించిరి. జనవరి 29వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఒక బాలుడు పుట్టెను. జూన్ 1వ తేదీన, ఆనాడు సోవియట్ యూనియనునకు రాజధానిగా నున్న మాస్కో నగరమున ఒక బాలిక పుట్టెను. బాలుని పేరు గ్రెగ్ లుగానిస్. బాలిక పేరు యెలీనా ముఖీనా. వారి దేశములు వేరు, భాషలు వేరు. ఆనాడు ఆ రెండు దేశముల నడుమ స్నేహము లేదు. అయినను ఆ బిడ్డలిద్దరును బాల్యమున ఒకే విద్యను అభ్యసించిరి. ఇద్దరి దేహములకును దెబ్బలు తగిలినవి. ఇక చాలునని దేహము చెప్పిన మాట ఒకరి విషయమున పాటింపబడెను. మరియొకరి విషయమున పాటింపబడలేదు. అందుచేత వారి జీవితములు రెండు వేర్వేరు దారులను పట్టినవి. ఆటలయందు ఆసక్తి గల ప్రతి బాలుడును, ప్రతి బాలికయు తెలిసికొనదగిన కథ యిది.

వారు అభ్యసించిన విద్య జిమ్నాస్టిక్సు. ఈ మాట గ్రీకు భాషనుండి వచ్చినది. ప్రాచీన గ్రీసు దేశమున యువకులు వ్యాయామము చేయు శాలను జిమ్నాసియమ్ అనెడివారు. ఆధునిక కాలమున ఈ విద్యకు రూపము కల్పించిన వారిలో జర్మనీ దేశీయుడైన ఫ్రీడ్రిక్ లుడ్విగ్ యాన్ ముఖ్యుడు. అతడు 1811లో బెర్లిన్ నగరమున ఆరుబయట ఒక వ్యాయామరంగమును నెలకొల్పెను. 1896లో ఏథెన్సు నగరమున జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలోనే పురుషులకు జిమ్నాస్టిక్సు పోటీలు జరిగినవి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ క్రీడలలో స్త్రీలకును ప్రవేశము లభించినది. ఇట్టి విద్య మన దేశమునకు క్రొత్త కాదు. తాలింఖానాలలోని సాము గరిడీలు, మహారాష్ట్రమునందలి మల్లఖంబము, దొమ్మరివారి గడసాము, ఇవన్నియు దేహమును చెప్పినట్లు వినజేయు విద్యలే.

చూచువారికి జిమ్నాస్టిక్సు కన్నులపండుగ. స్త్రీల పోటీలలో బీము అను సాధనము కలదు. అది అయిదు మీటర్ల పొడవైన దూలము. నేలనుండి మీటరుంబావు ఎత్తున నుండును. దాని వెడల్పు పది సెంటీమీటర్లు మాత్రమే. అనగా జానెడులో సగమైనను లేదు. నేలపై నడచుటకే తడబడు వయస్సును దాటి కొన్ని యేండ్లు గడువకముందే బాలికలు ఆ దూలముపై నడతురు, ఎగురుదురు, పిల్లిమొగ్గలు వేయుదురు. చూచువారి గుండెలు జల్లుమనును. వారి ముఖములలో చిరునవ్వు చెదరదు.

అయితే ఈ అందము వెనుక ఒక కఠినమైన లెక్క కలదు. ఎగిరినవారు తప్పక దిగవలెను. గాలిలో గిరగిర తిరిగి వచ్చి నేలపై నిలుచు క్షణమున శరీరపు బరువునకు అనేక రెట్ల తాకిడి చీలమండలపైనను, మోకాళ్ళపైనను, నడుముపైనను పడును. చేతులపై నిలిచినపుడు మణికట్టు పాదముచేయు పనిని చేయవలసివచ్చును. మణికట్టు నిర్మాణము అట్టి పనికి తగినది కాదు. పైగా ఎదుగు వయస్సున ఎముకల చివరలయందు మృదులాస్థితో నేర్పడిన ఒక పొర యుండును. ఎముక పొడవు పెరుగుట ఆ పొర వలననే. అది గట్టి ఎముక కన్న బలహీనమైనది. ఒకే చోట మాటిమాటికి తాకిడి తగిలినచో ఆ పొర దెబ్బతినును. వెన్నును పదేపదే వెనుకకు వంచుట వలన నడుము పూసలలో సన్నని బీటలు ఏర్పడవచ్చును. ఇట్టి గాయములు ఒక్క దినమున పుట్టవు. మొదట చిన్న నొప్పిగా వచ్చును. ఆ నొప్పియే దేహము పంపు తొలి జాబు. దానిని చదువక చించివేసినచో తరువాతి జాబు మరింత కఠినముగా నుండును.

యెలీనా ముఖీనా చిన్ననాడే తల్లిని పోగొట్టుకొన్నది. ఆమెను అవ్వ పెంచి పెద్దచేసెను. మంచుపై జారుచు నాట్యమాడు ఆటను నేర్వవలెనని ఆ బాలిక మొదట కలలు కనెను. ఇంతలో ఆమె చదువుచున్న పాఠశాలకు జిమ్నాస్టిక్సు శిక్షకు లొకరు వచ్చి, నేర్చుకొనువారు చేయి యెత్తుడని అడుగగా, ఆమె సంతోషముతో చేయి యెత్తెను. ఆమె మాటలాడుట తక్కువ, శ్రమించుట ఎక్కువ. 1978లో ఫ్రాన్సు దేశములోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ప్రపంచ పోటీలు జరిగినవి. రెండేండ్ల క్రిందట మాంట్రియల్ ఒలింపిక్సులో పదికి పది మార్కులు పొంది లోకమును ఆశ్చర్యపరచిన నాడియా కొమనేచి సైతము ఆ పోటీలలో కలదు. అట్టివారి నడుమ ముఖీనా సర్వప్రథమురాలై ప్రపంచ విజేతగా నిలిచెను. అప్పటి కామె వయస్సు పదునెనిమిదేండ్లు.

మరుసటి యేడు, అనగా 1979లో, ఆమె కాలు విరిగెను. విరిగిన ఎముకకు కావలసినది కాలము, విశ్రాంతి. కాని ఆ రెండును ఆమెకు దొరకలేదు. 1980 జూలై 19వ తేదీన మాస్కోలోనే ఒలింపిక్ క్రీడలు ప్రారంభము కానుండెను. స్వదేశమున జరుగు క్రీడలలో ప్రపంచ విజేత లేకుండుట ఎట్లు? కాలు పూర్తిగా బాగుపడకముందే ఆమెను మరల అభ్యాసమునకు దింపిరి. పురుషులు చేయుచుండిన ఒక కఠిన విన్యాసమును ఆమెచేత చేయింపబూనిరి. గాలిలో దాదాపు రెండు పల్టీలు కొట్టుచు, ఒకటిన్నర చుట్లు మెలితిరిగి, మెడను లోనికి ముడిచి నేలపై దొర్లుచు ముగించుట ఆ విన్యాసపు పద్ధతి. దానికి మిక్కిలి ఎత్తునకు ఎగురవలెను. ఎగురుటకు బలమైన కాలు కావలెను. ఇది చేసినచో తన మెడ విరుగునని ముఖీనా పెద్దలకు పలుమారులు చెప్పుకొనెను. ఆమె మాట చెల్లలేదు.

జూలై 3వ తేదీన మిన్‌స్క్ నగరమున అభ్యాసము చేయుచుండగా ఆమె చాలినంత ఎత్తునకు ఎగురలేకపోయెను. గడ్డము నేలకు తగులునట్లు పడెను. మెడపూసలు విరిగినవి. నాటినుండి కాలుసేతులు ఆమె స్వాధీనమున లేకపోయినవి. అప్పటి కామెకు ఇరువది యేండ్లు. నేలపై పడియున్న ఆ క్షణమున, ఇక ఒలింపిక్సునకు పోనక్కరలేదు గదా యను ఊరటయే మొదట తన మనస్సున మెదలెనని ఆమె తరువాతి కాలమున చెప్పినది. ఆ మాట విన్నవారి హృదయము కలుక్కుమనక మానదు. ఆమె మరి యిరువదియారు సంవత్సరములు అదే స్థితిలో జీవించి, 2006 డిసెంబరు 22వ తేదీన మరణించెను. ఆ విన్యాసము తరువాత స్త్రీల పోటీలలో నిషేధింపబడినది.

ఇక గ్రెగ్ లుగానిస్ కథ. కన్నవారు చిన్న వయస్సువారగుటచే అతనిని పెంచలేకపోయిరి. తొమ్మిది నెలల శిశువుగా నున్నపుడు వేరొక దంపతులు అతనిని దత్తత చేసికొనిరి. పసితనముననే అక్క నేర్చుకొనుచున్న నృత్యమును చూచి తానును గంతులు వేయుట మొదలుపెట్టెను. మూడేండ్లు నిండునప్పటికి ప్రజలయెదుట ప్రదర్శనలిచ్చెను. నృత్యము, పిల్లిమొగ్గలు, జిమ్నాస్టిక్సు అతనికి ఊపిరి వంటివి. అతనికి ఉబ్బసము కలదు. బడిలో అక్షరములు తారుమారుగా కనబడి చదువు సాగెడిది కాదు. మాట తడబడెడిది. శరీరచ్ఛాయ కొంత నలుపు. తోడి పిల్లలు ఈ లోపములనెల్ల ఎత్తిచూపి వెక్కిరించెడివారు. అట్టి బాలునికి దేహముతో చేయు విన్యాసమే భాష. అందులో అతడు తడబడెడివాడు కాడు.

వారి యింట ఒక ఈతకొలను ఉండెను. దాని యొడ్డున దుముకు పలక యుండెను. బాలుడు తాను నేలపై నేర్చిన మొగ్గలను ఆ పలకపైనుండి నీటిలోనికి వేయుచుండెను. బిడ్డకు దెబ్బ తగులునను భయముతో పెద్దలు అతనిని తొమ్మిదవ యేట డైవింగు నేర్పు గురువునొద్ద చేర్చిరి. కొంతకాలమునకు మోకాళ్ళ నొప్పి అతనిని బాధింపసాగెను. నృత్యమును, జిమ్నాస్టిక్సును మానవలెనని వైద్యులు చెప్పిరి. ఆ మాట బాలునికి పిడుగుపాటయ్యెను. తనకున్న ఒక్క సంపదయు పోయినట్లు అతడు తీవ్రమైన నిరాశలో మునిగెను. ఆటను విడిచిన బాలుని దుఃఖము చిన్నదని పెద్దలు తలపరాదు. అతనికి అది ఇల్లు కాలినంత దుఃఖము.

కాని నీరు మిగిలియుండెను. పోయినచోటనే వెదకవలెనని మన సామెత. గాయముచే ఆటను పోగొట్టుకొన్నవారికి మాత్రము ఈ సామెత చెల్లదు. వారు వేరొక చోట వెదకవలెను. లుగానిస్ నీటియందు వెదకెను. డైవింగులో పల్టీలు కలవు, మెలికలు కలవు, గాలిలో తన తల యెటున్నదో కాళ్ళెటున్నవో ఎరిగియుండు నేర్పు కావలెను. ఇవన్నియు జిమ్నాస్టిక్సు అతనికి నేర్పినవే. ఎగురుటకు మోకాళ్ళను వంచవలసినదే. కాని దిగునపుడు గట్టినేల ఎదురురాదు. చేతులు ముందుగా, దేహము వెంబడిగా నీటిలో మునిగిపోవును. జిమ్నాస్టిక్సులో మోకాళ్ళను వేధించిన తాకిడి ఇచ్చట వాటికి లేదు.

1971లో జరిగిన బాలుర పోటీలలో ఈతని దుముకును డాక్టరు శామీ లీ చూచెను. శామీ లీ కొరియా సంతతివాడు. 1948లో లండనునందును, 1952లో హెల్సింకియందును పది మీటర్ల ఎత్తునుండి దుముకు పోటీలో బంగారు పతకములు గెలిచెను. అతని బాల్యమున, తెల్లవారు కానివారిని ఊరి ఈతకొలనులోనికి వారమున కొక్క దినము మాత్రమే రానిచ్చెడివారు. తక్కిన దినములలో అతడు ఇసుక నింపిన గోతిలోనికి దుముకుచు అభ్యాసము చేసెను. కష్టమెరిగిన ఆ గురువు లుగానిస్‌ను తన యింటనే యుంచుకొని శిక్షణ మిచ్చెను. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సులో పదునారేండ్ల లుగానిస్ వెండి పతకమును పొందెను.

తరువాతి క్రీడలు 1980లో మాస్కోలో జరిగినవి. ఆఫ్ఘనిస్థానములోనికి సోవియట్ సేనలు ప్రవేశించినందుకు నిరసనగా అమెరికా ఆ క్రీడలను బహిష్కరించెను. అందుచే లుగానిస్ పోలేకపోయెను. ఒకే సంవత్సరమున పుట్టిన ఆ యిద్దరిలో ఏ యొక్కరును మాస్కో క్రీడలలో పాల్గొనలేదు. కాని ఎంత భేదము! లుగానిస్‌నకు మరునాడు కలదు. అతడు నాలుగేండ్లు వేచియుండెను. 1984లో లాస్ ఏంజెలెస్ నగరమున ఊగు పలకనుండి, పది మీటర్ల వేదికనుండి దుముకు రెండు పోటీలలోను బంగారు పతకములు గెలిచెను. 1988లో సియోల్ నగరమున ఆ రెండింటిని మరల గెలిచెను. వరుసగా రెండు ఒలింపిక్సులలో ఆ రెండు పోటీలను గెలిచిన మొదటి పురుషుడు అతడే. ముఖీనాకు అట్టి మరునాడు లేకపోయెను. ఆమెకు ప్రతిభ తక్కువ కాదు, ధైర్యము తక్కువ కాదు. కాలు విరిగిన నాడు, విశ్రమింపుము, కావలెనన్న ఈ ఆటను విడిచి మరియొక దానిని చూడుము అని చెప్పి ఆగినవారు లేకపోయిరి. ఆ లోపము ఆమెది కాదు.

ఇంతమాత్రమున డైవింగు అపాయము లేని ఆట యని తలపరాదు. 1988లో సియోల్‌నందే, తొలి దశ పోటీలో లుగానిస్ వెనుకకు తిరుగుచు దుముకునపుడు తల పలక అంచునకు తగిలెను. రక్తము కారెను. కుట్లు వేయించుకొని అతడు నాడే మరల దుమికి, మరునాడు గెలిచెను. లోకము దానిని సాహసమని మెచ్చుకొనెను. అయినను నేటి వైద్యులు దానిని అనుకరింపవలదందురు. తలకు బలమైన దెబ్బ తగిలి, మెదడు అదరెనను అనుమానము కలిగినచో, ఆ దినము ఆటగానిని మరల బరిలోనికి పంపరాదని నేటి నియమము. మన పల్లెలలో బాలురు దిగుడు బావులలోనికి, చెరువులలోనికి, కాలువలలోనికి తలక్రిందుగా దుముకుదురు. లోతు తెలియని నీటిలో, అడుగున రాళ్ళున్న నీటిలో అట్లు దుముకుటచే మెడపూసలు విరిగి జీవితాంతము మంచము పట్టినవారు కలరు. గురువు, లోతైన కొలను, క్రమమైన శిక్షణము ఈ మూడును ఉన్నచోటనే డైవింగు ఆట యగును.

అట్లయిన పూర్తిగా క్షేమమైన ఆట యేది? అట్టిది లేదు. ఒక గాయమునకు క్షేమమైన ఆట, మరియొక గాయమునకు హానికరము కావచ్చును. దీనికి అమెరికా వనిత క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితము మంచి నిదర్శనము. ఆమె ట్రయాథ్లాన్ అను ఆటను ఆడుచుండెను. అందు ఈదుట, సైకిలు త్రొక్కుట, పరుగెత్తుట అను మూడు అంగములు కలవు. 2001లో ఆమె తుంటి కీళ్ళు రెండును అరిగినవని వైద్యులు కనుగొనిరి. పరుగు ఆమెకు నిషిద్ధమయ్యెను. ఆమె మూడింటిని వదలుకొనలేదు. తుంటిని బాధించు పరుగును మాత్రము విడిచి, సైకిలును గట్టిగా పట్టుకొనెను. సైకిలుపై కూర్చున్నపుడు శరీరపు బరువును ఆసనము మోయును. అడుగడుగునకు నేల తాకిడి కీళ్ళకు తగులదు. 2008లో బీజింగ్‌నందును, 2012లో లండనునందును, 2016లో రియోనందును ఒంటరిగా కాలముతో పోటీపడు సైకిలు పందెమున ఆమెయే బంగారు పతకమును గెలిచెను. చివరి విజయము ఆమెకు నలువదిమూడేండ్లు నిండుటకు ముందు దినమున లభించినది. ఆమె సైకిలుపైనుండి పడకపోలేదు. 2012లో పడి భుజము ముందటి జత్రుకాస్థి విరుగగొట్టుకొన్నది. అయినను ఆమె తుంటి కీళ్ళకు సైకిలే తగిన ఆట.

గాయపడిన బాలుడు గాని బాలిక గాని క్రొత్త ఆటను ఎన్నుకొనునపుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, ఏ ఆట గొప్పది యని కాదు. దెబ్బతిన్న అవయవ మేది యని. రెండవ ప్రశ్న, క్రొత్త ఆట ఆ అవయవముచే ఏమి పని చేయించును? మోకాలు గాని చీలమండ గాని దెబ్బతిన్నవారికి ఎగురుట, హఠాత్తుగా మలుపు తిరుగుట, ఇతరులతో ఢీకొనుట కూడవు. వారు కబడ్డీ, ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలులకు దూరముగా నుండి, ఈతను గాని, ఆసనపు ఎత్తు సరిగా అమర్చిన సైకిలును గాని, విలువిద్యను గాని, తుపాకి గురిని గాని ఎన్నుకొనవచ్చును. ఈతలోను కప్పవలె కాళ్ళు కొట్టు పద్ధతి మోకాలిని మెలిపెట్టును, దానిని మానవలెను. మణికట్టు దెబ్బతిన్నవారికి నడక, పరుగు మేలు. సైకిలు పిడిపై వంగి బరువు మోపుట వారికి మంచిది కాదు. భుజము దెబ్బతిన్నవారికి ఈతయు, విలువిద్యయు, విసరు ఆటలును తగవు. నడుము పూసలు దెబ్బతిన్నవారు వెన్నును వెనుకకు వంచు ఆటలను విడువవలెను. క్రికెట్టులో వేగముగా బంతి విసరుటయు అట్టిదే. వారు నడకతో మొదలుపెట్టి, వైద్యుని అనుమతితో వెల్లకిల యీతను నేర్వవచ్చును.

ఈతను పలువురు వైద్యులు సూచించుటకు కారణము కలదు. నీటిలో మునిగిన వస్తువును నీరు పైకి నెట్టునని ఆర్కిమిడీసు కనిపెట్టిన సూత్రమును విద్యార్థు లెరుగుదురు. నడుము లోతు నీటిలో నిలిచినవాని కాళ్ళు మోయు బరువు నేలపై మోయుదానిలో ఇంచుమించు సగమే. రొమ్ము లోతున అది మూడవ వంతునకు గాని, అంతకన్న తక్కువకు గాని దిగును. నేలపై నడచుటకు నొప్పిపడు మోకాలు నీటిలో నొప్పి లేకుండ కదలుట యిందువలననే.

మూడవ ప్రశ్న, ఆ ఆటను నేర్పువారు దగ్గరలో కలరా? గురువు లేని క్షేమమైన ఆట కన్న మంచి గురువున్న కొంత కఠినమైన ఆట మేలు. నాలుగవ ప్రశ్న మనస్సునకు సంబంధించినది. ఆ ఆట మనస్సునకు రుచించునా? రుచింపని ఆట మందువలె కొన్నాళ్ళు సాగి ఆగిపోవును. ఈ నాలుగు ప్రశ్నలకును తోడుగా వైద్యుని మాట యుండవలెను. నొప్పి పోయినంతమాత్రమున గాయము మానెనని అర్థము కాదు. తొందరపడినవారి గాయము తిరుగబెట్టును.

పాత ఆటను విడిచినవారు వట్టిచేతులతో వెడలిపోరు. తుల్యత, ఒడలి వంపు, భయమును అణచు శక్తి, పడుటకును లేచుటకును తెలిసిన నేర్పు, తెల్లవారుజామున లేచి సాధన చేయు అలవాటు వారి వెంట వచ్చును. ఈ ధనము ఒక ఆటనుండి మరియొక ఆటకు చెల్లును. దీనికి నిదర్శనములు తెలుగు నేలపైనే కలవు. హైదరాబాదునకు చెందిన బుద్దా అరుణారెడ్డి మొదట కరాటే నేర్చెను. పిదప జిమ్నాస్టిక్సులో ప్రవేశించి, 2018లో మెల్‌బోర్న్ నగరమున జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో వాల్టు అను అంగమున కంచు పతకమును గెలిచెను. ప్రపంచ కప్పు జిమ్నాస్టిక్సులో భారతీయు లెవరికిని అంతకుముందు వ్యక్తిగత పతకము రాలేదు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ పసితనమున కృష్ణానదిని ఈదినది. పిదప విల్లు చేపట్టి, 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకములు గెలిచినది. వీరు గాయముచే ఆట మార్చినవారు కారు. అయినను ఒక ఆటలో అలవడిన గుణము వేరొక ఆటలో ఫలించునని వీరి జీవితములు చెప్పుచున్నవి.

గాయపడిన ప్రతివారును ఆటను విడువవలెనని దీని భావము కాదు. త్రిపుర రాష్ట్రమునకు చెందిన దీపా కర్మాకర్ 2016లో రియో ఒలింపిక్సులో వాల్టునందు నాలుగవ స్థానము పొంది, కేవలము 0.150 మార్కుల తేడాతో పతకమును కోల్పోయెను. మరుసటి యేడు ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగెను. ఆమె చికిత్సను పూర్తిగా పొంది, ఓపికతో వేచి, 2018లో టర్కీ దేశములోని మెర్సిన్ నగరమున ప్రపంచ ఛాలెంజ్ కప్పులో బంగారు పతకమును గెలిచెను. 2024లో తానుగా విరమించెను. ఉండుటయా, విడుచుటయా యనునది గాయపు స్వభావమును బట్టి, వైద్యుని మాటను బట్టి నిర్ణయింపవలెను గాని, చూచువారి చప్పట్లను బట్టి కాదు. ఆ నిర్ణయమున బిడ్డ మాటకు మొదటి స్థానముండవలెను. నొప్పి యెంతయో తెలిసినది ఆ బిడ్డకే కదా!

తోడి విద్యార్థి యెవరైన కట్టుతో బడికి వచ్చి మైదానపు అంచున ఒంటరిగా కూర్చున్నపుడు, పిరికివాడని నవ్వరాదు. త్వరగా రమ్మని తొందరపెట్టరాదు. ప్రక్కన కూర్చుండి, నొప్పి యెట్లున్నదని అడుగుట స్నేహధర్మము. క్రొత్త ఆటను వెదకుటలో తోడుపోవుట అంతకన్న గొప్ప ధర్మము. ఆటను విడుచుట ఓటమి కాదు. ఆట దేహము కొరకు పుట్టినది గాని, దేహము ఆట కొరకు పుట్టలేదు. మాస్కోలో పుట్టిన బాలిక కథ కన్నీటితో ముగిసినది. కాలిఫోర్నియాలో పుట్టిన బాలుని కథ నీటిలో మరల మొదలైనది. ఆ రెండు కథలను జ్ఞప్తియందుంచుకొన్న బాలబాలికలు తమ దేహము వ్రాయు తొలి జాబును తప్పక చదువుకొందురు.

ప్రశ్నలు

1. ముఖీనా, లుగానిస్ జీవితములలోని పోలికలను, భేదములను వివరింపుము.
2. జిమ్నాస్టిక్సు నేర్చు బాలబాలికలకు గాయములు కలుగుటకు కారణము లేవి?
3. క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్ సైకిలు పందెమును ఎందుకు ఎన్నుకొనెను?
4. గాయపడినవారు క్రొత్త ఆటను ఎన్నుకొనునపుడు అడుగవలసిన నాలుగు ప్రశ్నలను వ్రాయుము.
5. లోతు తెలియని నీటిలోనికి తలక్రిందుగా ఎందుకు దుముకరాదు?